కలిసి కాపురం చేసిన కాలం

"పెండ్లి తారీఖు చెప్పన్నా," అన్నాడు స్వామి, రియాద్‌లోని బతా బస్తీలో తమ గదిలో మంచం మీద వకీలు పంపిన ఫారం పరచుకుని.

ఊళ్లో దేవవ్వ విడాకుల కేసు వేసింది. భర్త ఎల్లన్న రియాద్ నుంచే జవాబు పంపాలి. తారీఖు గుర్తురాక అతను దేవవ్వకే ఫోన్ చేశాడు.

"నీ కేసుకు జవాబు రాస్తున్నం. మన పెండ్లెప్పుడాయె?"

ఆమె చెప్పింది.

"భార్య మీద ఫిర్యాదులేందో రాయాల్నట," స్వామి నసిగాడు.

ఎల్లన్నకు ఒక్కటీ తోచలేదు.

"ఫోన్ ఎత్తదని రాయి తమ్మీ," అంది దేవవ్వ స్పీకర్లోంచి. "నాలుగు నెలలసంది ఎత్తుతలేను."

"ఇప్పుడెత్తినవు గదా," అన్నాడు ఎల్లన్న.

"కోర్టు పనుంటదని ఎత్తిన."

"కలిసి కాపురం చేసిన కాలం?" స్వామి చదివాడు.

"పన్నెండేండ్లు."

"మూడు వందల నలభై రోజులు," అంది దేవవ్వ. "నీ సెలవులన్నీ కలిపిన. ఏడాది గూడ నిండలే."

ఎల్లన్న వేళ్ల మీద సెలవులు లెక్కపెట్టుకున్నాడు. ఆమె లెక్కలో తప్పు దొరకలేదు.

"కోర్టును ఏం కోరుతున్నవన్నా?"

"ఇంటికి పంపమను."

"అది జడ్జి చేతుల లేదు. నీ సేటును, ఆ కఫీల్‌ను అడుగు," అంది దేవవ్వ.

ఎల్లన్న ఫారం వెనక్కి తిప్పాడు. "ఈ పక్క కఫీల్‌కు రాయి తమ్మీ. ఫైనల్ ఎగ్జిట్ కావాల్నని, పని ఇడిసి ఇంటికే పోతనని."

"ఇకామా నంబరు?"

అతను ఆ నివాస అనుమతి కార్డు కోసం జేబులు తడుముతుంటే, దేవవ్వ ఫోన్లోంచి తడబడకుండా ఆ నంబరు చెప్పసాగింది.