ఎంగిలి పేరు

"పాపకి నీ పేరే పెడుతున్నాం నైన్" అంది మెరెరిడ్.

గ్వెన్‌హ్లియన్ ప్యూ చేతిలో ఉన్న టీ కప్పు సాసర్లో పెట్టేసింది.

మెరెరిడ్ ఆవిడ మొహంలోకే చూస్తోంది. నైన్ అంటే వెల్ష్‌లో నాయనమ్మ; తల్లి పోయాక తనని పెంచిన ఆ నాయనమ్మ మురిసిపోతుందనుకుంది. పదకొండు రోజుల పసిగుడ్డు ఒళ్లో నిద్రపోతోంది. మంగళవారం రిజిస్ట్రారు దగ్గర పేరు రాయించాలి. ఆ కబురు చెప్పడానికే ఆదివారం ప్రార్థన అయ్యాక నైన్‌ని, అత్తగారు బ్రెండాని, చర్చి పెద్ద యెయాన్‌ని టీకి పిలిచింది.

బ్రెండా ఇంగ్లండులోని స్టోక్ నుంచి రైల్లో దిగింది. ఆవిడొక్కతె కోసం బల్ల చుట్టూ ఉన్న అందరూ ఇంగ్లీషులోకి దిగారు. నైన్‌కి అప్పుడే సగం ఒళ్లు మండింది.

"గ్వెన్... ఆ తర్వాతదేమిటి? అది పలకాలంటే ఎదుటి మనిషి మీద ఉమ్మాలి కదమ్మా" అంది బ్రెండా.

మెరెరిడ్ భర్త డంకన్ మూడు రోజులుగా అద్దం ముందు సాధన చేస్తున్నాడట. నాలుక పళ్ల వెనక ఆనించి గాలి వదలాలమ్మా అంటూ పలికి చూపించాడు. ఒక తుంపర ఎగిరి నైన్ పళ్లెంలో వెన్న రాసిన రొట్టె ముక్క మీద పడింది. ఆవిడ ఒక్క వేలితో పళ్లేన్ని అవతలికి నెట్టింది.

బ్రెండా ఇక ఆగలేదు. బళ్లో టీచర్లు తిప్పలు పడతారంది. ఫోన్లో చెప్పుకోవాలంటే జన్మంతా ఒక్కో అక్షరం విడమరచి చెప్పుకోవాలంది. లిల్లీ అనో, ఐవీ అనో పెట్టుకుంటే ఎవరికీ నొప్పి ఉండదంది.

యెయాన్ మీసాల్లో కేకు పొడి అంటుకుని ఉంది. దాన్ని దులుపుకోకుండానే ఉపన్యాసం అందుకున్నాడు. రాజకుమార్తెలకి పెట్టిన పేరిది. ఆదివారం బడికి పదిమంది ఆడపిల్లలొస్తే ఎనిమిది మందివి టీవీలోంచి ఏరుకొచ్చిన పేర్లే. ఇన్నాళ్లకి ఒక్క ఇంట్లోనైనా మన పేరు నిలబడుతోంది. ఆయన మాటలు వింటుంటే ఎవరో పిల్లని గాజుపెట్టెలో పెట్టి తాళం వేస్తున్నట్టనిపించింది నైన్‌కి.

పాపకి కప్పిన తెల్ల దుప్పటి అంచున ఆ పేరు అప్పుడే కుట్టించేశారు. పాప కక్కిన పాలు ఆ అక్షరాల మీదికి జారాయి. నైన్ మొహం తిప్పుకుంది.

"వద్దు" అంది.

బ్రెండా మొహం వెలిగిపోయింది. "చూశారా, పెద్దావిడకే ఇష్టం లేదు" అంటూ నైన్ చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ చెయ్యి చెమటగా, మెత్తగా ఉంది. ఈవిడతో ఒకే పక్షాన నిలబడాల్సి వచ్చిందే అని నైన్‌కి రోత పుట్టింది. చెయ్యి లాక్కుని రుమాలుతో తుడుచుకుంది.

యెయాన్ మొహం ముడుచుకుంది. "నలభై ఏళ్లు బళ్లో పిల్లలకి మన భాష దిద్దించారు మీరు. వీళ్ల ముందు మన పేరు చెప్పుకోడానికి నామోషీగా ఉందా మిసెస్ ప్యూ?"

ఈ మాట నైన్‌కి కొత్త కాదు. జన్మంతా సంతకంలో మొదటి అక్షరం, ఇంటిపేరు తప్ప ఇంకేమీ రాయలేదు. పెళ్లికి ముందే మొగుడికి షరతు పెట్టింది. నలభై ఆరేళ్ల కాపురంలో పాపం ఆయన ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఊళ్లో కొందరు పొగరన్నారు. కొందరు వెల్ష్ పేరంటే చిన్నతనం అన్నారు. అననిచ్చింది.

మెరెరిడ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ పేరంటే నీకే అంత అసహ్యమా నైన్?"

"అసహ్యమే. అది ఎంగిలి పేరు. నీ బిడ్డకి పెట్టకు."

ఉమ్మి సంగతి అంటోందనుకుని బ్రెండా పకపకా నవ్వింది. డంకన్ కూడా నవ్వాడు.

ఆ నవ్వుల మధ్య నైన్ చెవుల్లో ఇంకో గొంతు మోగింది. అమ్మ గొంతు. సాయంత్రాలు దొడ్డి గుమ్మంలో నిలబడి ఆ పేరుతో కేకేసేది. తను ఆట వదిలేసి పరుగెత్తుకెళ్లేది. వచ్చిందెవరో చూడగానే అమ్మ మొహం వాడిపోయేది. ప్రతిసారీ అంతే. ఏం తప్పు చేశానమ్మా అని ఒకసారి అడిగింది. అమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

"నేను మనసు మార్చుకోను" అంది మెరెరిడ్ కళ్లు తుడుచుకుంటూ. "వద్దంటే ఎందుకో చెప్పు."

నైన్ లేచి కోటు తొడుక్కుంది. "పాపని మీ అత్తగారికివ్వు. డంకన్‌ని కారు తియ్యమను. మా ఊరు వెళ్దాం."

కొండదారిలో ముప్పావుగంట ప్రయాణం. ఊరు చేరాక డంకన్ కార్లోనే కూర్చున్నాడు. నాయనమ్మా మనవరాలూ చెయ్యి పట్టుకుని గేటు దాటి తడిగడ్డిలో నడుచుకుంటూ లోపలికి వెళ్లారు. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చారు. మెరెరిడ్ దారంతా నైన్ చెయ్యి వదల్లేదు.

మంగళవారం పాపకి హెలెద్ అని రాయించారు. అదీ పాతకాలపు వెల్ష్ పేరే. కాకపోతే ఆ కుటుంబంలో ఇంతవరకూ ఎవరికీ లేనిది. బ్రెండాకి అదీ నోరు తిరగలేదు. యెయాన్ కాస్త చల్లబడ్డాడు. ఎందుకు మార్చావని ఇద్దరూ అడిగారు. మెరెరిడ్ చెప్పలేదు.

ఆ ఆదివారం ఊరి చివర, నైన్ గోటితో నాచు గీకిన సమాధి రాయి మీద, నైన్ అమ్మానాన్నల పెద్దకూతురు గ్వెన్‌హ్లియన్ నాలుగేళ్ల వయసులో కన్నుమూసిందని చెక్కి ఉంది, నైన్ పుట్టడానికి సరిగ్గా ఏడాది ముందు తేదీతో.