పాటకి పండు

ఆ మామిడితోపులో కోకిల దగ్గర పాట నేర్చుకోవాలంటే ముందుగా ఒక వేపపండు ఇచ్చుకోవాలి. ఇది అందరూ ఒప్పుకున్న కట్టుబాటు. గోరింక మాత్రం పండు ఎగ్గొట్టింది. ఆకుల చాటున నక్కి పాట విని, దాంతో పిల్లల్ని నిద్రపుచ్చుకుంది.

సంగతి తెలిసి కోకిలకి ఒళ్ళు మండింది. తగవు ముసలి కాకి దగ్గరికి వచ్చింది. తోపులో తీర్పులు చెప్పేది ఆవిడే.

"తప్పు నాదే, పెద్దమ్మా. పండు ఇచ్చుకుంటాను," అంది గోరింక.

"పండుతో సరిపెడతారా, తీర్పరిగారూ?" కోకిల ఎగిరిపడింది. "రేపు అందరూ ఇదే పని చేస్తారు. గూడు నాకు ఇచ్చేసి, పిల్లల్ని తీసుకుని ఇది తోపు వదిలి పోవాలి. అప్పుడుగానీ మిగతావాళ్ళకి బుద్ధి రాదు!"

కాకి మాత్రం తొణకలేదు. ఏం చెప్పాలో ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది. తాపీగా ముక్కు కొమ్మకి రాసుకుంది.

"అలాగే కానిద్దాం. అడక్కుండా పాట తీసుకుంటే గూడు పోవాలి. మరి అడక్కుండా గూడే వాడుకుంటే ఏం పోవాలి?"

"అంత పని ఎవరు చేశారు?"

"మీ అమ్మ. నా గూట్లో గుడ్డు పెట్టి, చెప్పకుండా ఎగిరిపోయింది. అందులోంచి వచ్చిన నీకు ఈ ముక్కుతోనే మేత పెట్టాను. ఇప్పుడు చెప్పు నాయనా, నీకేం శిక్ష వెయ్యమంటావు?"

తగవు చూడవచ్చిన పిట్టలన్నీ కోకిల వైపు తిరిగాయి. దాని గొంతు ఒక్కసారిగా దిగిపోయింది.

"పండు చాల్లే, అమ్మా."