రెండు మొనల కర్రలు

లారీ గేటు ముందు ఆగి హారన్ కొట్టేసరికి, సామిల్లు యజమాని ఒక ఊతకర్రను చేతిలో పట్టుకుని ఈ కొన ఒకసారి, ఆ కొన ఒకసారి చూస్తూ నిలబడిపోయాడు. రెండు కొనలకూ మొన ఉంది. ఇంకో కర్ర లాగాడు. దానికీ అంతే. షెడ్డు గోడ పొడుగునా పేర్చిన సరుకంతా రెండు వైపులా చెక్కిన పెన్సిళ్ళలా ఉంది.

టమాటా మొక్కకు పాతే కర్రకు ఒక కొనే మొన ఉండాలి. అది భూమిలోకి దిగుతుంది. పై కొన చదునుగా ఉంటేనే దాని మీద సుత్తి దెబ్బ నిలుస్తుంది. పైన కూడా మొన ఉంటే సుత్తి జారి, కర్ర పట్టుకున్నవాడి వేళ్ళ మీద పడుతుంది.

ఏం జరిగిందో అతనికి వెంటనే అర్థమైంది. పొద్దున్నే లేచి మొనలన్నీ చెక్కేసి, దుంగలు చూసిరావడానికి వెళ్ళాడు. అతను అటు వెళ్ళగానే భార్య రంపం దగ్గర చేరి రెండో కొనకు కూడా మొనలు చెక్కేసింది. ఆ పని అయిపోయిందని ఒక్క ముక్క చెప్పుకుని ఉంటే సరిపోయేది. కానీ మొన్నటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒక్క ముక్క పొదుపు చేస్తే లారీ సరుకు ఖర్చు రాసుకోవాల్సి వచ్చింది.

"అమ్మా, నీ కోడల్ని అడుగు. ఇవి భూమిలో పాతడానికా, ఆకాశంలో పాతడానికా అని," అన్నాడు, దుంగ మీద కూర్చున్న తల్లితో.

భార్య చీరకు అంటిన రంపపు పొట్టు దులుపుకుంటూ వచ్చింది. "అత్తయ్యా, మీ అబ్బాయికి చెప్పండి. పని చేసినవాళ్ళు చేశామని నోరు విప్పితే, చెయ్యాల్సినవాళ్ళకి తెలుస్తుందని."

"నన్ను మధ్యలో పెట్టి ఇద్దరూ ఫోన్లు చేసుకోకండి," అంది ముసలావిడ. "నా చెవులకి బిల్లు ఎవరు కడతారు?"

అంతలో తోట రైతు లోపలికి వచ్చాడు. ఏటా ఆ మిల్లు మంచీ చెడూ అతని లారీ మీదే ఆధారపడి ఉండేవి. రోడ్డుకు ఎదురుగా ఉన్న పెద్ద కలప అడితివాళ్ళు అతని కోసం ఎప్పటి నుంచో వల వేసి కూర్చున్నారు. అతను ఒక కర్ర ఎత్తి, రెండు మొనలూ బొటనవేలితో తడిమి చూశాడు.

"ఇదేమిటయ్యా, నేను అడిగింది టమాటాలకి. పందుల వేటకి కాదు."

లారీ కిరాయి ఎలాగూ తప్పదు కనుక, రోడ్డు దాటి అడితిలో ఎక్కించుకుంటానని నెమ్మదిగానే చెప్పాడు. యజమాని మనసులో లెక్కలు మొదలుపెట్టాడు. ఒక మొన కోసేస్తే కర్ర పొట్టిదవుతుంది, రైతు ఒప్పుకోడు. మధ్యకు కోస్తే అంత చిన్న కర్ర అడిగే నాథుడే లేడు. వంటచెరుకు కింద అమ్మితే కోత కూలి కూడా రాదు. ఎటు తిప్పి చూసినా కింద మిగిలేది సున్నాయే.

"అన్నయ్యా, పోయిన ఏడు తీసుకెళ్ళిన కర్రలు ఏమయ్యాయి?" అని భార్య అడిగింది.

భూమిలో దిగినంత మేర చివికిపోయిందని, పంట అయ్యాక పొయ్యిలో పెట్టేశానని రైతు చెప్పాడు.

"మరి పైభాగం?"

"పైదానికేం, ఉక్కులా ఉంది. ఉండి ఏం లాభమమ్మా, మొన లేదుగా."

"ఈసారి ఉంది," అంది ఆమె.

రైతు చేతిలోని కర్రను తలకిందులు చేసి చూశాడు. యజమానికి ప్రాణం లేచి వచ్చింది. చివికిన జానెడూ కోసేసి తిరగేసి పాతితే వచ్చే ఏడు వంగతోటకు ఆ ఎత్తు చాలదా అని అందుకున్నాడు. సుత్తి దెబ్బ ఎక్కడ వెయ్యాలని రైతు అడిగాడు. యజమాని షెడ్డు మూల నుంచి ఒక చివర మూసి ఉన్న ఇనుప గొట్టం ముక్క తెచ్చి పై మొనకు టోపీలా తొడిగి, సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. మొన లోపల దాక్కుంది, దెబ్బ దాని భుజాల మీద పడింది, కర్ర జానెడు దిగింది.

"గొట్టం ఊరికే ఇస్తాను, తీసుకో," అన్నాడు ఉదారంగా.

"కర్రకి మాత్రం పాత ధరకి ఒకటిన్నర రెట్లు," అంది భార్య. "రెండేళ్ళ పని ఒక ఏడు ధరకి ఇస్తే, వచ్చే ఏడు మేము గాలి తినాలి."

రైతు యజమాని వైపు చూశాడు. యజమాని చేతులెత్తేశాడు. "నేను పాత ధరకే ఇద్దును. మా ఆవిడ అన్నాక నాదేముంది చెప్పు."

ఆమె బిగిస్తే అతను వదులు చేశాడు, అతను వదిలితే ఆమె బిగించింది. చివరికి ఒకటింపావు దగ్గర బేరం కుదిరింది. తన బావమరిది తోటకు కూడా ఇలాంటివే, రెండు మొనలవే కావాలని చెప్పి, రైతు లారీ నిండా కర్రలు ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

లారీ మలుపు తిరిగాక గానీ, ఇంతసేపూ ముసలావిడను మధ్యలో పెట్టకుండానే ఒకరి మాట ఒకరు అందుకున్నామని వాళ్ళకు తట్టలేదు. యజమానికి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ దుంగ మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"అది సరే గానీ, ఒక్కో కర్రా చేత్తో పట్టుకునే చెక్కావు కదా. నేను చెక్కిన మొన ఒక్కసారైనా నీ కంట పడలేదా?"

"మొదటి కర్రకే పడింది," అంది ఆమె. "మీకు చెబుదామంటే, ముందు నేనే మాట్లాడినట్టవుతుంది కదండీ."