ఒకే తల్లి బిడ్డలు

“నేను గీసుకున్న మెడ డిజైను ఎదురుషాపు బొమ్మ మెడకి ఎలా వచ్చిందిరా? గోడలకి చెవులుంటాయని విన్నాను గానీ, ఈ డబ్బాకి నోరు కూడా ఉందా?” అంటూ టైలరింగ్ షాపు యజమానురాలు కంప్యూటర్‌ని అరచేత్తో ఒక్కటి చరిచింది.

“కొట్టకక్కా, అదేమైనా పాత రేడియోనా?” అన్నాడు తమ్ముడు. కంప్యూటర్లు బాగుచేయడం అతని పని. ఆ ముసలి పెట్టెలో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి మళ్ళీ ప్రాణం పోసింది కూడా అతనే.

“ఇది మూడోసారి. మొదట ఆకుల చేతులు, తర్వాత జేబుల గౌను, ఇప్పుడు సీతాకోకచిలుక మెడ. నేనిక్కడ గీసి దాచుకోవడం, వారం తిరక్కుండా అది వాళ్ళ అద్దాల్లో వేలాడటం! ఇంకొక్కసారి ఇలా అయిందంటే షాపుకి తాళమే.”

“నీ అనుమానం ఇంటర్నెట్ మీదేగా? అందులోకి వెళ్ళడానికి నీకు రెండు బ్రౌజర్లు పెట్టాను. ఈ ఎర్ర గుర్తుది ఒకటి, నీలం గుర్తుది ఒకటి. ఏది ఎలాంటిదో ఇప్పుడే తేల్చేద్దాం.”

“ఏంటీ?” అంటూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆవిడ షాపు వెనక భాగానికి అడ్డంగా కట్టిన గుడ్డ తెర వైపు తిరిగి కేకేసింది. “పెద్దదానా, చిన్నదానా, ఆ మిషన్లు కాస్త ఆపండే! వీడు చెప్పేది ఒక్క ముక్క వినబడి చావడం లేదు.”

తెర వెనక కుడుతున్న అక్కాచెల్లెళ్ళు మిషన్లు ఆపారు. షాపంతా నిశ్శబ్దమైపోయింది.

తమ్ముడు రెండు బ్రౌజర్లూ పక్కపక్కనే తెరిచి, రెండింటిలోనూ ఒకే పేజీ పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగింది. కోపం కాస్తా కుతూహలంగా మారింది.

“రెండూ ఒకేలా ఉన్నాయి కదరా!”

“ఒకే తల్లి బిడ్డలు మరి. ముందొచ్చింది పెద్దది, వెనకొచ్చింది చిన్నది. చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, పనిలోకి దించితేనే గుణాలు బయటపడతాయి. పెద్దదాని తిండి చూడు.” ఎర్ర గుర్తు పక్కన, అది వాడుకుంటున్న మెమరీ లెక్క చెబుతూ పైపైకి పోతున్న గీతని చూపించాడు. “చిన్నది అందులో సగంతో సరిపెట్టుకుంటుంది.”

“పనో?”

“పనికి వంక పెట్టలేం. పెద్దది నీ చేతికి అలవాటైపోయింది, అడక్కముందే అన్నీ అందిస్తుంది. కానీ నువ్వేం చూశావో, ఎక్కడ తిరిగావో మొత్తం పోగేసి బయటికి చేరవేస్తుంది.”

“హవ్వ! కబుర్లు మోస్తుందా?”

“కన్నవాళ్ళకేలే అక్కా...”

“కబురు గడప దాటాక ఎవరి చెవిన పడితే ఏముందిరా! మరి చిన్నది?”

“నోట్లో నాలుక లేనిది. నమ్మి ఇల్లప్పగించొచ్చు.”

తెర వెనక కత్తెర నేలమీద పడిన చప్పుడైంది.

“ఏం పగలగొట్టారే?” అంది ఆవిడ. ఆవిడ చూపు మాత్రం కంప్యూటర్ మీద నుంచి కదల్లేదు. “చేసే పని ఒకటే అయినప్పుడు రెండెందుకురా నాకు? పెద్దదాన్ని తీసిపారెయ్.”

“ఇన్నేళ్ళు నమ్మకంగా పనిచేసింది కదా, ఒక్కసారి ఆలోచించుకో.”

“ఆలోచించేదేం లేదు. నా దగ్గర తింటూ నా గుట్టు వీధిన పెట్టేదాని మీద జాలేమిటి? ఇప్పుడే, ఈ క్షణమే తీసెయ్. మళ్ళీ నా కంటికి కనబడకూడదు.”

“సరే, నీ ఇష్టం” అంటూ తమ్ముడు మౌస్ మీద చెయ్యి వేశాడు.

సర్రుమని తెర పక్కకి జరిగింది. మెడలో కొలతల టేపుతో చెల్లెలు నిలబడి ఉంది. వెనక నుంచి అక్క, “వద్దే, నోరు మూసుకోవే” అని గొణుగుతూ ఆమె చెయ్యి పట్టుకుని లాగుతోంది. చెల్లెలు ఆ చెయ్యి విదిలించుకుంది.

“పెద్దదాన్ని తీసెయ్యకండి మేడమ్,” అంది ఏడుస్తూ. “ఎదురుషాపుకి కబుర్లు మోసింది చిన్నదే.”