వంతెన దాటేదాకా

"తలుపు గట్టిగా లాగు పెద్దాయనా. మామూలుగా ఏస్తే పడదు."

ముసలాయన లాగాడు. పడలేదు. ఇంకోసారి లాగితే రేకు డబ్బా మోతతో పడింది.

కుప్పం దగ్గరపడుతుండగా రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడ్డ మనిషి ఆయన. అప్పుడే వాన మొదలైంది. టమాటా బండ్ల వాళ్లు ఏ తొందరలో ఉన్నా ముసలివాళ్లను ఎక్కించుకోకుండా పోరు. మునికృష్ణ కూడా పోలేకపోయాడు. లోలోపల మాత్రం విసుక్కున్నాడు.

మదనపల్లె మార్కెట్లో సరుకు ఎత్తుకుని పుంగనూరు దాటేసరికే ఆలస్యమైంది. చీకటి పడకముందే కుప్పంలో దించకపోతే చెన్నై లారీ వెళ్లిపోతుంది. లారీ వెళ్లిపోతే లోడంతా కుళ్లుతుంది.

బండి చిన్నది. ముందు ఇద్దరు కూర్చుంటే ఊపిరికి చోటుండదు. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగులుతాయి. ఇంజను సీటు కిందే కాబట్టి వేడి ఉచితం. సరుకు పెట్టే చోట దండిగా ఇనుము వేసినవాళ్లకు, మనిషి కూర్చునే చోటికి వచ్చేసరికి చేతులు రాలేదు.

మునికృష్ణ తన వంతుగా పులిచారల సీటు కవరు వేశాడు. పెద్ద స్పీకర్లు పెట్టించాడు. తలుపులకు లోపలి పిడులు ఎప్పుడో విరిగిపోయాయి, వాటి జోలికి మాత్రం పోలేదు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఆ దారిలో డ్రైవర్లు చాలామంది చేసే పనే అతనూ చేసేవాడు. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, బయటి పిడితో తలుపు తీసేవాడు. అద్దం తిప్పే హ్యాండిలు రెండు తలుపులకూ కలిపి ఒకటే ఉంది. ఇటు పనైతే ఊడదీసి అటు పెట్టాలి.

పిడి ఉండాల్సిన చోట ముసలాయన వేలు పెట్టి చూశాడు.

"లోపల్నించి ఎట్ల తీస్తావు నాయనా?"

"అద్దం దించి తీస్తా. అందురూ అట్లే తీస్తారు."

"దించేకి కాకపోతే?"

"యాల కాదు? ఎక్కీ ఎక్కంగానే దిగే మాట ఎందుకు పెద్దాయనా?"

ఆయన నవ్వలేదు.

"ముందర రైలు వంతెన కింద నీళ్లుంటాయి. సుట్టు తిరిగి పై దోవన పోదాం."

"ఆ దోవన పోతే లారీ పోతాది. మోకాలి లోతు గూడా ఉండవు. నేనెన్నిసార్లు పోలేదు!"

వాన పెరిగింది. ముసలాయన వైపు నుంచి జల్లు లోపలికి కొడుతోంది.

"అద్దం ఎక్కించు పెద్దాయనా."

"ఉండనీ నాయనా. తడిస్తే తడుస్తా."

"నువ్వు కాదు, సీటు తడుస్తాది!"

మునికృష్ణ బండి ఆపాడు. వంగి, తానే అద్దం ఎక్కించాడు. హ్యాండిలు ఊడదీసి డ్యాష్‌బోర్డు మీద పడేశాడు. ఊరికే ఎక్కినవాళ్లకే షోకులెక్కువ అనుకున్నాడు.

వంతెన కింద సగం దూరం పోయాక నీళ్లలో బండి ఆగిపోయింది.

ముందు పాదాలు తడిశాయి. కాసేపటికి సీటు తడిసింది. తలుపు సందుల్లోంచి, కిందనుంచి మట్టినీళ్లు వస్తూనే ఉన్నాయి.

మునికృష్ణ హ్యాండిలు కోసం తడిమాడు. కుదుపుకు ఎక్కడో పడిపోయింది. కాళ్ల దగ్గర నీళ్లలో వెతికితే ఖాళీ సీసా చేతికొచ్చింది. మోచేత్తో పక్క అద్దాన్ని కొట్టాడు. మోచెయ్యే నొప్పెట్టింది. భుజంతో తలుపును నెట్టాడు. బయటి నీళ్లు దాన్ని కదలనివ్వలేదు.

నీళ్లు నడుము దాటాయి. చెయ్యి చాపుదామంటే చోటు లేదు. లేద్దామంటే తల పైకప్పుకు కొట్టుకుంది. బతుకులో అంత భయం అతనికి ఎప్పుడూ వేయలేదు.

"సచ్చిపోతాండాం పెద్దాయనా!"

"అరవద్దు. నా మాట ఇను. నా పక్కకి జరిగి ఎనక్కి ఆనుకో. రెండు కాళ్లూ ఎత్తు. ముందద్దం ఉత్త రబ్బరు మీద నిలబడుండాది. మూల సూసి తన్ను."

ఇద్దరూ తన్నారు. అద్దం కదల్లేదు.

"ఇంకా గట్టిగా తన్ను నాయనా!"

తన్నగా తన్నగా రబ్బరు వదిలింది. అద్దం ముందుకు పడింది. ముసలాయన ముందు మునికృష్ణను బయటికి తోసి, ఆ తర్వాత తాను పాకుతూ వచ్చాడు. పక్క తోట రైతు వరదరాజులు తాడు విసిరి ఇద్దరినీ గట్టుకు లాగాడు.

గట్టున పడగానే మునికృష్ణకు ప్రాణం కన్నా ముందు బండి గుర్తొచ్చింది. టమాటాలు ఎర్రగా నీళ్ల మీద తేలుతున్నాయి.

"మొన్ననే ఏయించిన అద్దం! అట్ల తన్నిస్తివే! నువ్వెక్కినప్పుడే అనుకుంటి, శకునం బాలేదని!"

ముసలాయన తలగుడ్డ పిండుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

మునికృష్ణ నీళ్ల వైపు చూశాడు. క్యాబిన్ పైకప్పు కూడా కనిపించడం లేదు. తానేం వాగాడో అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"పెద్దాయనా!" అంటూ లేచి పరుగెత్తాడు.

దూరంగా ముసలాయన ఇంకో టమాటా బండికి చెయ్యెత్తి ఎక్కాడు. ఆ బండి కాసేపు ఆగి, పై దోవకు మళ్లి, వానలో కనిపించకుండా పోయింది.

"ఇంత జరిగినాక గూడా ఇంకో బండెక్కి పోయినాడే, కుప్పంలో అంత పనేముండాదో?" అన్నాడు మునికృష్ణ రొప్పుతూ.

"ఆయనకి కుప్పంలో పనేం లేదప్పా" అన్నాడు వెనకే వచ్చిన వరదరాజులు. "వాన పడితే సాలు, ఆడొచ్చి నిలబడుకోనుంటాడు. నీళ్లుండాయని అరిస్తే మీరు ఆగరు. ముసలోడు సెయ్యెత్తితే ఆగుతారు."

"ఎవురన్నా ఆయన?"

"బైరప్ప. పోయినేడు ఇదే నీళ్లల్లో, నీ బండి మాదిరి బండిలోనే, బయటికి రాలేక సచ్చిపోయిన డ్రైవరుకి నాయన."