పది నిమిషాల గోడ

“సర్వర్‌లోంచి నీ పేరు కొట్టెయ్. ఆ తర్వాతే ఇక్కణ్ణుంచి కదలాలి,” అన్నాడు ఓనరు, పలకరింపు కూడా లేకుండా.

వైర్లాయన కీబోర్డు మీద పెట్టిన చేతులు అలాగే ఆగిపోయాయి. డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చే ఆ ల్యాబ్‌లో సర్వర్ పెట్టిందీ, గోడల వెంట కేబుళ్ళు లాగిందీ అతనే. ఏదైనా మొరాయిస్తే ఇంట్లో కూర్చునే లోపలికొచ్చి సరిచేసే వీలు కూడా అతనొక్కడికే ఉంది. ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది.

“డాక్టర్లు పంపిన పళ్ళ స్కాన్ మన సర్వర్‌లో పడిన గంటకల్లా, పక్క వీధి ల్యాబ్ వాళ్ళు ఆ డాక్టరుకే ఫోన్ చేస్తున్నారు. ‘ఆ క్యాప్ మేం రేపే ఇచ్చేస్తాం’ అంటున్నారట! బయట్నుంచి మన సర్వర్‌లోకి రాగలిగేది నువ్వొక్కడివే. వాళ్ళ ల్యాబ్‌లోనూ నువ్వే పనిచేస్తున్నావాయె. నన్నేం అనుకోమంటావ్?”

“నేనలాంటివాణ్ణి కాదు సార్.”

“ఎవరూ కాదయ్యా. అందరూ శుద్ధపూసలే.”

ఓనరు పక్కన అల్లుడు నిలబడి ఉన్నాడు. ఈమధ్య ఆఫీసు వ్యవహారాలన్నీ అతని చేతిమీదే నడుస్తున్నాయి. “పోనీలెండి మావయ్యా, పాపం పాత మనిషి. పోలీసుల దాకా ఎందుకు? తలుపు వేసేస్తే సరిపోతుంది,” అన్నాడు మెత్తగా.

ఆ జాలికి వైర్లాయన ఒళ్ళు మండిపోయింది. కానీ చుట్టుపక్కల నాలుగు ల్యాబులు ఓనరు మాట మీదే అతన్ని గుమ్మం తొక్కనిస్తున్నాయి. ఆ నోటి వెంట ‘దొంగ’ అన్న మాట బయటికొచ్చిందంటే, రేపట్నుంచి పనిచ్చే నాథుడుండడు.

తలొంచుకుని సర్వర్‌కి ఫైర్‌వాల్ అనే కొత్త కాపలా గోడ కట్టాడు. బయట్నుంచి ఎవరూ లోపలికి రాకూడదు. లోపల్నుంచి కూడా ఏ ఫైలైనా డాక్టర్లకి తప్ప మరెవరికీ పోకూడదు. పోబోతే ఆపేసి, ఏ సిస్టమ్ నుంచి, ఎక్కడికి, ఎన్ని గంటలకి అన్నది రాసిపెట్టుకుంటుంది. అన్నీ అయ్యాక తన పేరు వెతికి కొట్టేశాడు. సొంత చేత్తో సొంత పేరు కొట్టేసుకోవడం ఎంత నరకమో వాళ్ళకేం తెలుసు!

“ఇక నీకు లోపల ఏమీ కనబడదుగా?” అడిగాడు ఓనరు.

“చూడాలన్నా కనబడదు సార్. అయితే పది నిమిషాలాగి ఒక్క బటన్...”

“వింటున్నారా మావయ్యా?” అన్నాడు అల్లుడు. “పేరు కొట్టేశాక కూడా ఇంకా పది నిమిషాలు కావాలట!”

“అది కాదు సార్, ఒక్క బటనే...”

“లేవయ్యా ముందు!” కసిరాడు ఓనరు.

సంచీలో సామాను సర్దుకునేంత వ్యవధి కూడా ఇవ్వలేదు. స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే వైర్లాయన మెట్లు దిగి, బస్టాపులో కూలబడ్డాడు.

ఆ పది నిమిషాలూ వాళ్ళ పనిలో ఒక అలవాటు. కొత్త గోడ కట్టాక గడువు పెట్టుకుంటారు. ఈలోగా అన్నీ సరిగ్గా నడుస్తున్నాయని చూసుకుని ‘ఓకే’ కొట్టాలి. కొట్టకపోతే, ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని సర్వర్ తనంతట తానే పాత పద్ధతికి వెళ్ళిపోతుంది. అంటే గోడా ఉండదు, అతని పేరూ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

గడియారం చూసుకున్నాడు. పన్నెండు నిమిషాలైంది. ‘తెరుచుకుంటే తెరుచుకోనీ, నాకేం? వాళ్ళ ఖర్మ’ అనుకున్నాడు. కానీ పని సగంలో వదిలేస్తే అతనికి ముద్ద దిగదు. తిట్టుకుంటూనే ఫోన్ తీసి సర్వర్‌లోకి వెళ్ళాడు, గోడ మళ్ళీ కట్టేసి తనని తాను బయటికి నెట్టేసుకుందామని.

గోడ పోయినా, అది రాసుకున్న చిట్టా అలాగే ఉంది. గోడ నిలబడ్డ ఆ పది నిమిషాల్లోనే, ఏడో నంబరు సిస్టమ్ నుంచి ఒక స్కాన్ బయటికి పోబోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఫైర్‌వాల్ మూడుసార్లూ ఆపేసింది. పంపబోయిన చిరునామా పక్క వీధి ల్యాబ్‌ది. ఆ ల్యాబ్‌కి లైను లాగిందీ తనే కాబట్టి ఆ చిరునామా అతనికి కంఠతా వచ్చు. ఏడో నంబరు అల్లుడి టేబులు. గోడ బయటివాళ్ళకే అనుకున్నాడు కాబోలు మహానుభావుడు!

వైర్లాయనకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. తెరను ఫొటో తీసుకున్నాడు. ఆ తర్వాత గడువేమీ పెట్టకుండా గోడ కట్టేశాడు. ఫోన్‌లో సర్వర్ మాయమైంది. వెంటనే ఓనరుకి ఫోన్ చేశాడు.

“సార్, దొంగ దొరికాడు! ఏడో నంబరు సిస్టమ్. ఇందాక నేను మెట్లు దిగిన ఐదు నిమిషాలకే పక్క వీధి ల్యాబ్‌కి స్కాన్ పంపబోయారు. మూడుసార్లు సార్! ఫైర్‌వాల్ ఆపేసింది. ఫొటో కూడా తీశాను, పంపిస్తున్నా చూడండి. చెప్పడానికి నాకే కష్టంగా ఉంది... అది అల్లుడుగారి టేబులు సార్.”

ఫొటో పంపాడు. ‘పాపం, ఎంత కుమిలిపోతున్నాడో పెద్దాయన’ అనుకుని వైర్లాయన కళ్ళు తుడుచుకున్నాడు.

“నా కళ్ళ ముందే నీ పేరు కొట్టేశావు. చూడాలన్నా కనబడదన్నావు,” అన్నాడు ఓనరు, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. “మరి రోడ్డు మీద నిలబడి ఇదంతా ఎలా చూశావురా దొంగా?”