తొమ్మిదో మంచం గుండెనొప్పి

ముఖం చూస్తే చాలు, ఆ మనిషి ఏ పని చేసి బతికాడో చెప్పేస్తాను. డెబ్భై ఏళ్లలో ఒక్కసారీ గురి తప్పలేదు.

ఆ మధ్య జ్వరం ముదిరి ఆసుపత్రిలో ఎనిమిదో మంచం ఎక్కాను. పక్కన తొమ్మిదో మంచం ముసలాయన్ని చూడగానే తేల్చేశాను: నాటకాల్లో వేషాలు కట్టి, వేషాలు దొరక్క మానేసిన మనిషి.

మర్నాటి నుంచే రుజువు కూడా దొరికింది. రోజూ ఒంటిగంటకు ఆయనకు గుండెనొప్పి వచ్చేది.

ముందు అన్నం పళ్లెం వచ్చేది. దాని వెనకాలే నొప్పి వచ్చేది.

ఆ వార్డులో పాతకాలం నాటి పద్ధతి ఒకటుంది. గుండెల్లో నొప్పి అని ఎవరన్నా, హౌస్ సర్జన్ వచ్చి ఇరవై నిమిషాలు పక్కనే కూర్చుని నాడి చూడాలి. ఆలోగా అలా కూర్చున్న మనిషిని ఎవరూ పిలవకూడదు, పెద్ద డాక్టరైనా సరే.

హౌస్ సర్జన్ అంటే చదువు ముగించి పని నేర్చుకుంటున్న అమ్మాయి. బొంగరం అని పేరు పెట్టుకున్నాం. ఆమె మూడో మంచం దగ్గరికి చేరినా, ఆమె నీడ ఇంకా ఒకటో మంచం దగ్గరే రొప్పుతూ ఉండేది.

ఇంటికెళ్లి ఎన్నాళ్లయిందో ఆమెకే లెక్క తెలీదు. కోటు జేబులో విప్పిన బిస్కెట్ పొట్లం, అందులో ఒక్కటీ తగ్గేది కాదు.

నేను చేరిన రోజునే ఏడో మంచం మందు నాలుగో మంచం కేసు షీట్లో రాసింది. సిస్టర్ చూసి ఆపింది కాబట్టి సరిపోయింది.

పెద్ద డాక్టరు అందరి ముందూ చెప్పారు, ఇంకొక్క తప్పు జరిగితే ఇక్కడ చేసిన ఆర్నెల్ల పనీ మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సిందేనని. తమ రోజుల్లో మధ్యాహ్నం భోజనం ముట్టకుండా ఏడాదంతా పనిచేశామని కూడా వినిపించారు.

ఆ మర్నాడే ముసలాయనకు నొప్పి మొదలైంది.

"కూర్చోండి డాక్టరమ్మా. మీరు నిలబడితే నా గుండె గాభరా పడుతుంది."

కూర్చుంది.

"ఈ కూరలో ఉప్పు ఎక్కువైందేమో చూస్తారా? నాకు ఉప్పు పడదు."

ఒక చెంచా నోట్లో వేసుకుని సరిపోయిందంది.

"పైన అలాగే ఉంటుంది. ఉప్పంతా అడుగుకు దిగి ఉంటుంది."

అడుగున ఉప్పు ఉందో లేదో తేలేసరికి పళ్లెం ఖాళీ.

ఆ తర్వాత, కళ్లు మూసుకుంటే నాడి బాగా తెలుస్తుందని ఆమెకే వైద్యం చెప్పేవాడు. ఆమె మూసుకునేది. వేళ్లు ఆయన మణికట్టు మీదే ఉండేవి. ఆమె నిద్రలో ఉన్నంతసేపూ ఆయన ఆ చెయ్యి కదిపేవాడు కాదు. ఇరవై నిమిషాలు కాగానే చిన్నగా దగ్గేవాడు.

ఆమె వెళ్లిపోయాక నా పళ్లెంలో సగం లాక్కునేవాడు. నటుడే కాదు, ఘటికుడు కూడా అనుకున్నాను.

నాలుగు రోజులు ఇదే తంతు.

అయిదో రోజు కొత్తగా ముగ్గురు రోగులు వచ్చారు. పదకొండు కేసు షీట్లు రాయాల్సి ఉన్నాయి. సరిగ్గా ఒంటిగంటకు తొమ్మిదో మంచం మూలిగింది.

ఆమె కూర్చోలేదు.

"మీ నొప్పికి గడియారం చూడటం వచ్చా తాతగారూ?"

"వచ్చమ్మా. మీకే రావడం లేదు."

ఆమె ముఖం ఎర్రబడింది. షీటు లాక్కుని, నొప్పి నటన, ఇంటికి పంపవచ్చు అని బరబరా రాసేసింది. పెద్ద డాక్టరు నడుస్తూనే, తల ఎత్తకుండా సంతకం పెట్టారు.

ముసలాయన గొడవ పెట్టుకోలేదు. తన మంచం మీది దుప్పటి తానే లాగి, నాలుగు మూలలూ ముడత లేకుండా పరుపు కిందికి దోపాడు. సంచి తీసుకుని మెట్లు దిగాడు.

పావుగంట కూడా కాలేదు. సిస్టర్ ఒక షీటు పట్టుకుని గబగబా వచ్చింది. మందు మోతాదులో సున్నా ఒకటి ఎక్కువ పడింది. రాసింది బొంగరమే.

పెద్ద డాక్టరు కూడా చూశారు. అమ్మాయి గోడకు చేరగిలబడింది.

ఆర్నెల్లూ మళ్లీ మొదటి నుంచి అని ఆయన అనబోతుంటే సిస్టర్ అడ్డం వచ్చింది.

"సార్, మీరు ఇక్కడే హౌస్ సర్జన్‌గా చేశారు కదా. అప్పుడు రోజూ ఒంటిగంటకు ఎవరో ఒకరికి గుండెనొప్పి వచ్చేదా?"

"వచ్చేది. అదేం వార్డో."

"ఉప్పు చూడమనేవాళ్లా?"

పెద్ద డాక్టరు చేతిలోని షీటు కిందికి దించారు.

సిస్టర్ మెల్లగా చెప్పింది. అప్పట్లో ఇక్కడొక మేల్ నర్సు ఉండేవాడట. రోజుకొక రోగిని బతిమాలి నొప్పి అనిపించేవాడట. సిస్టర్‌కు పని నేర్పింది కూడా ఆయనేనట. ఈసారి తానే రోగిగా వచ్చి, ఎవరికీ చెప్పొద్దని ఆమె దగ్గర మాట తీసుకున్నాడట.

"ఇందాక మీరు పంపించేసింది ఆయన్నే సార్."

పెద్ద డాక్టరు మెట్లు మూడేసి చొప్పున దూకుతూ దిగారు. వీధి మలుపులో బస్సెక్కబోతున్న ముసలాయన్ని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు.

నా గురి సంగతంటారా? చేతికందే దూరంలో అయిదు రోజులు పడుకుని, నర్సును పట్టుకుని నటుడన్నాను. నా అన్నంలో సగం పోయినా నిజం తెలుసుకోలేదు. ఆ గొప్పలు మీరు మర్చిపోండి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ మెట్లు దూకడం, బస్సు దగ్గర చెయ్యి పట్టుకోవడం నేను అల్లినవే. నిజానికి పెద్ద డాక్టరు కిటికీ దాకా వెళ్లి ఆగిపోయారు. వీధిలో ఎవరూ లేరు. వెనక్కి తిరక్కుండానే, "తిన్నావా అమ్మా?" అని ఆ పిల్లను అడిగారు.